పాలు పోస్తే చీటీ ఇస్తారు.. ఫీడ్‌బ్యాక్ ఇస్తే?

మే నెల, మధ్యాహ్నం రెండు గంటలు. ఆరాంఘర్ దాటి శంషాబాద్ వైపు వెళ్తున్న క్యాబ్‌లో ఉన్నాను. డ్రైవర్ అన్న తన ముందున్న ఏసీ వెంట్‌ని మొత్తం ఫోన్ స్టాండ్ మీదికి తిప్పి పెట్టాడు. వెనక నేను చెమటతో తడిసిపోతున్నాను. ఫోన్ మాత్రం చల్లగా కూర్చుంది!

"ఏందన్నా, ఫోన్‌కి జ్వరమొచ్చిందా?" అన్నాను నవ్వుతూ.

"జ్వరమే తమ్మీ. ఎండకు వేడెక్కితే స్క్రీన్ మసకబడ్తది, మ్యాప్ కనవడదు. ఛార్జింగ్ కూడ సరిగ్గ ఎక్కదు. ఇంతకుముందు ఫోన్‌కి బ్యాటరీ ఉబ్బింది. ఇది కొనేముందు మా గ్రూపుల అడిగిన. ఇద్దరు వాడుతున్నరు, ఎండకు మంచిగనే ఆగుతున్నదన్నరు. అందుకే తీస్కున్న."

మా గ్రూపు అంటే ఎయిర్‌పోర్ట్ పార్కింగ్‌లో ట్రిప్ కోసం గంటలకొద్దీ ఎదురుచూసే డ్రైవర్ల వాట్సాప్ గ్రూపు. రేట్లు ఎలా ఉన్నాయి, ఏ రూట్‌లో ట్రాఫిక్ జామ్, ఎవరి కారులో ఎవరి బ్యాగ్ మిగిలిపోయింది.. వీటన్నిటి మధ్యలో ఫోన్ల ముచ్చట కూడా నడుస్తుందట. ఏ ఫోన్‌లో జీపీఎస్ ఆలస్యంగా తిరుగుతుంది, ఏ అప్‌డేట్ తర్వాత బ్యాటరీ మధ్యాహ్నానికే ఖాళీ అవుతోంది, ఏ సర్వీస్ సెంటర్‌లో రోజంతా కూర్చోబెడతారు, అన్నీ.

నాకు కొంచెం సిగ్గేసింది. ఎందుకంటే సరిగ్గా ఆ వారమే నేను ఒక ఫోన్ రివ్యూ రాశాను. ఏసీ గదిలో, 24 డిగ్రీల దగ్గర కూర్చుని, అరగంట గేమ్ ఆడి "హీటింగ్ కంట్రోల్‌లోనే ఉంది" అని తేల్చేశాను. ఐఫోన్‌ని 0 నుంచి 35 డిగ్రీల వాతావరణంలో వాడమని యాపిల్ స్వయంగా చెబుతుంది. మన మే నెలలో బయటే 40 దాటుతుంది. అద్దం వెనక, ఎండలో, మ్యాప్ ఆన్‌లో, ఛార్జర్ పెట్టి ఉన్న ఫోన్ పరిస్థితి నా ఏసీ గదికి ఎలా తెలుస్తుంది? ఆ పార్కింగ్‌లో ఉన్నవాళ్లకి తెలుసు. రోజూ పది పన్నెండు గంటలు వాడి తెలుసుకున్నారు.

ఇప్పుడు ప్రతి ఫోన్ కంపెనీకీ ఒక "కమ్యూనిటీ" ఉంది. ఫ్యాన్ మీట్‌లు, బీటా ప్రోగ్రామ్‌లు, టీషర్ట్‌లు, బ్యాడ్జ్‌లు, కో-క్రియేషన్.. పేర్లకేం తక్కువ లేదు. మనలో చాలామంది వాటిల్లో ఉన్నాం కూడా. నేను అడిగేది ఒక్కటే. ఆ కమ్యూనిటీలో మనం ఇచ్చినదానికి లెక్క ఎవరు చెబుతున్నారు?

చీటీ అంటే ఏంటి?

ఊళ్లో పాలకేంద్రం చూసినవాళ్లకి ఇది కొత్త కాదు. పొద్దున్నే క్యాన్ తీసుకెళ్తారు. ఎన్ని లీటర్లో కొలుస్తారు. వెన్న శాతం మన ముందే చూస్తారు. లీటర్లు, వెన్న, రేటు వేసి చేతిలో చీటీ పెడతారు. వెన్న తక్కువ వస్తే తక్కువనే రాస్తారు. నచ్చకపోతే అక్కడే నిలబడి అడగొచ్చు. బిల్లు రోజున ఆ చీటీలన్నీ కలిపి చూసుకుంటే లెక్క సరిపోవాలి.

ఇంకో మెట్టు పైకెళ్తే ముల్కనూరు ఉంది. అక్కడి మహిళా సహకార డెయిరీ, స్వకృషి బ్రాండ్‌ది, మొదలై రెండు దశాబ్దాలు దాటింది. పాలు పోసే ఆడవాళ్లే దానికి సభ్యులు, వాళ్లే యజమానులు. మిగులు వస్తే ఎన్ని పాలు పోశారో చూసి బోనస్ ఇస్తారు. డెయిరీ బాగుంటే సభ్యులు బాగుంటారు, సభ్యులు మంచి పాలు పోస్తే డెయిరీ బాగుంటుంది. రెండు వైపులా లాభం అన్నమాటకి ఇంతకంటే సింపుల్ ఉదాహరణ నాకు తెలీదు.

ఫోన్ కంపెనీ డెయిరీ కాదు, నిజమే. నేను బగ్ రిపోర్ట్ ఇచ్చినందుకు కంపెనీలో వాటా ఇవ్వమని అడగట్లేదు. చీటీ అడుగుతున్నా. "మీరు చెప్పింది అందింది. ఇది ఫలానా వెర్షన్‌లో సరిచేస్తాం" లేదా "ఇది చేయం, కారణం ఇదీ." అంతే. కమ్యూనిటీ నిజమైనదా, ప్రచారం కోసం పెట్టిందా అని తేల్చడానికి నా దగ్గరున్న కొలత ఇదే.

ఈ కొలతతో మనకి తెలిసిన కంపెనీల్ని చూద్దాం.

షావోమీ: వందమందితో మొదలైన కథ

షావోమీ అంటే మొదట ఫోన్ కాదు, సాఫ్ట్‌వేర్. 2010 ఆగస్టులో ఎంఐయూఐ తొలి వెర్షన్ వచ్చినప్పుడు దాన్ని వాడింది సుమారు వందమంది. సొంత ఫోన్‌లో తెలియని రామ్ ఎక్కించుకోవడం అంటే ఆ రోజుల్లో ఫోన్ మీద ఆశ వదులుకోవడమే. అంత రిస్క్ తీసుకున్న ఆ వందమంది పేర్లని కంపెనీ స్టార్ట్ అయ్యే స్క్రీన్ మీద వేసింది. తర్వాత ప్రతి శుక్రవారం అప్‌డేట్ ఇవ్వడం అలవాటు చేసుకుంది. పోయిన వారం మీరు చెప్పింది ఈ శుక్రవారం ఫోన్‌లో కనిపించేది. చీటీ అంటే ఇదే కదా! పేరు ఉంది, తేదీ ఉంది, ఫలితం ఉంది.

కంపెనీకి ఏం మిగిలింది? డబ్బు పెట్టి చేయించుకోవాల్సిన టెస్టింగ్ మిగిలింది. టీవీ యాడ్‌లకి పోయే ఖర్చు మిగిలింది. 2014 జులైలో ఎంఐ 3తో ఇండియాకి వచ్చినప్పుడు పెద్ద హోర్డింగ్‌లు లేకుండానే ఫ్లిప్‌కార్ట్‌లో ఫోన్లు క్షణాల్లో అయిపోవడం మీలో కొందరికి గుర్తుండే ఉంటుంది. ఏడాది తిరిగేసరికి, 2015 ఆగస్టులో, ఆంధ్రప్రదేశ్‌లోని శ్రీసిటీలో ఫాక్స్‌కాన్ ప్లాంట్‌లో తయారైన రెడ్‌మీ 2 ప్రైమ్‌ని విశాఖపట్నంలో లాంచ్ చేశారు. మన దేశంలో తయారైన తొలి షావోమీ ఫోన్ అదే.

మరి తర్వాత ఏమైంది? వందమంది కోట్లమంది అయ్యారు. అప్పుడు అదే ఎంఐయూఐలో సిస్టమ్ యాప్‌లు తెరిస్తే యాడ్స్ కనిపించడం మొదలైంది. తక్కువ మార్జిన్‌కి ఫోన్ అమ్మి ఇంటర్నెట్ సర్వీసుల మీద సంపాదించడం వాళ్ల బిజినెస్ మోడల్, దాన్ని వాళ్లు దాచలేదు. కానీ "ఫైల్ మేనేజర్‌లో యాడ్ పెట్టండి" అని ఆ వందమందిలో ఎవరైనా అడిగి ఉంటారా? కమ్యూనిటీ మాట చిన్న విషయాల్లో విన్నారు. డబ్బుకి సంబంధించిన పెద్ద నిర్ణయం దగ్గర ఆ మాట వినపడలేదు.

వన్‌ప్లస్: మన ఊళ్లో ఇల్లు కట్టుకున్న బ్రాండ్

వన్‌ప్లస్ మనకి ఇంకా దగ్గర. 2019 ఆగస్టులో ఇండియాలో తమ తొలి రీసెర్చ్ అండ్ డెవలప్‌మెంట్ సెంటర్‌ని హైదరాబాద్‌లోనే తెరిచారు. మూడేళ్లలో రూ.1,000 కోట్లు పెడతామన్నారు. హిమాయత్‌నగర్‌లో నిజాం ప్యాలెస్ పేరుతో భారీ ఎక్స్‌పీరియన్స్ స్టోర్ కూడా పెట్టారు. మన కుర్రాళ్లు అక్కడికి ఫోన్ కొనడానికే కాదు, ఊరికే చూడ్డానికి కూడా వెళ్తారు.

2014లో ఇన్‌వైట్ ఉంటేనే ఫోన్ అనే పద్ధతితో మొదలైన ఈ కంపెనీ, ఫ్యాన్స్‌ని సేల్స్ టీమ్‌లాగా వాడుకోవడంలో అందరికంటే ముందుంది. మంచి పనులూ చేసింది. 2020 మార్చిలో ఐడియాస్ పేరుతో ఒక కార్యక్రమం పెట్టింది. మీకు కావాల్సిన ఫీచర్ చెప్పండి, మిగతావాళ్లు ఓటు వేస్తారు, ఎక్కువ ఓట్లు వచ్చినవాటికి మేం జవాబు చెబుతాం అన్నారు. జనం ఎక్కువగా కోరింది ఆల్వేస్ ఆన్ డిస్‌ప్లే. అదే ఏడాది ఆక్సిజన్ ఓఎస్ 11తో అది వచ్చేసింది. అడిగింది ఎవరు, ఇచ్చింది ఎప్పుడు అన్నది అందరి ముందూ ఉంది. ఐడియాస్‌లో నాకు బాగా నచ్చింది మాత్రం ఆ ఫీచర్ కాదు. కొన్ని ఐడియాలకి "ఇది చేయలేం, ఎందుకంటే.." అని కారణంతో సహా చెప్పడం. వెన్న తక్కువ వచ్చిందని చీటీ మీద రాసినట్టు.

కానీ 2021లో ఆక్సిజన్ ఓఎస్ కోడ్‌ని ఒప్పో వాళ్ల కలర్ ఓఎస్‌తో కలిపేశారు. క్లీన్ సాఫ్ట్‌వేర్ కోసమే ఈ బ్రాండ్‌ని ఎంచుకున్నవాళ్లకి ఆ నిర్ణయం అయిపోయాక తెలిసింది. ఆ డిసెంబర్‌లో వన్‌ప్లస్ 9 సిరీస్‌కి వచ్చిన ఆక్సిజన్ ఓఎస్ 12లో ఎన్ని బగ్‌లు ఉన్నాయంటే, కొద్ది రోజులకే కంపెనీ దాన్ని ఆపేయాల్సి వచ్చింది. 2022 ఫిబ్రవరికి "రెండు ఓఎస్‌లూ వేటికవే ఉంటాయి" అని మళ్లీ చెప్పారు. ముందే అడిగి ఉంటే ఆ మూడు నెలల గొడవ తప్పేది కదా?

ఇంకో విషయం. స్క్రీన్ మీద నిలువుగా ఆకుపచ్చ గీత. అప్‌డేట్ కొట్టి ఫోన్ చేతిలోకి తీసుకుంటే గీత ప్రత్యక్షం! రెండుమూడేళ్లు వాడిన ఫోన్‌కి, వారంటీ అయిపోయాక. దీని గురించి మన దేశంలో యూజర్లు ఏళ్ల తరబడి మాట్లాడారు, ఫొటోలు పెట్టారు, సర్వీస్ సెంటర్ల చుట్టూ తిరిగారు. చివరికి 2024లో గ్రీన్ లైన్ సమస్యకి జీవితకాలం స్క్రీన్ వారంటీ ఇస్తామని కంపెనీ ఇండియాలో ప్రకటించింది. మెచ్చుకోవాల్సిన నిర్ణయం. దాన్ని సాధించింది మాత్రం కంపెనీ స్టేజీ మీద ఉన్న ఫ్యాన్ క్లబ్ కాదు. ఒకరి స్క్రీన్ ఒకరికి చూపించుకున్న మామూలు కస్టమర్లు. నా దృష్టిలో వన్‌ప్లస్ అసలు కమ్యూనిటీ వాళ్లే.

సయనోజెన్: చీటీ రాయకపోతే ఏమవుతుంది

కస్టమ్ రామ్ ఫ్లాష్ చేసి ఫోన్‌ని ఇటుకరాయి చేసుకున్న తరం మాది. మా తరానికి సయనోజెన్‌మాడ్ అంటే గుడి. 2009 నుంచి ప్రపంచం నలుమూలల వాలంటీర్లు రాత్రిళ్లు కూర్చుని కట్టిన రామ్ అది. 2013లో దాని చుట్టూ సయనోజెన్ అనే కంపెనీ వచ్చింది, పెట్టుబడులు వచ్చాయి. వెంటనే మొదటి గొడవ: ఫోకల్ అనే కెమెరా యాప్ రాసిన డెవలపర్‌కీ, కంపెనీకీ లైసెన్స్ మీద తేడా వచ్చింది. ఊరికే ఇచ్చిన కోడ్‌ని కంపెనీ తన వ్యాపారానికి వీలుగా వేరే లైసెన్స్ కింద వాడుకోవచ్చా అనేది ప్రశ్న. చివరికి ఆ యాప్‌ని రామ్‌లోంచి తీసేశారు.

తర్వాత వన్‌ప్లస్ వన్‌లో సయనోజెన్ వచ్చింది. అదే సమయంలో ఇండియాలో ప్రత్యేక హక్కులు మైక్రోమాక్స్‌కి ఇచ్చారు. 2014 డిసెంబర్‌లో వ్యవహారం ఢిల్లీ హైకోర్టు దాకా వెళ్లింది. మధ్యలో నలిగింది ఎవరు? ఇన్‌వైట్ కోసం అడుక్కుని మరీ ఫోన్ కొన్న మనవాళ్లు.

2016 చివరికి కంపెనీ సర్వీసులు మూసేసింది. కోడ్ మాత్రం చావలేదు. అదే వాలంటీర్లు లీనియేజ్ ఓఎస్ పేరుతో దాన్ని ముందుకు తీసుకెళ్లారు, ఇప్పటికీ నడుస్తోంది. పెట్టుబడి పెట్టిన కంపెనీ పోయింది, జీతం లేకుండా పనిచేసినవాళ్లు మిగిలారు. వాళ్ల చేతిలో కోడ్ ఉంది, ఒకరితో ఒకరికి పరిచయం ఉంది. కంపెనీ లేకపోయినా కలిసి ఉండగలిగారు. మీరున్న కమ్యూనిటీ గురించి ఈ ప్రశ్న ఒకసారి వేసుకోండి: రేపు కంపెనీ తలుపు మూస్తే మీలో పదిమందైనా ఒకరికొకరు దొరుకుతారా?

నథింగ్: వాటా ఇచ్చారు, ఫొటో దగ్గర తడబడ్డారు

కార్ల్ పే కంపెనీ నథింగ్ ఇంకో అడుగు ముందుకేసింది. 2021లో కమ్యూనిటీకి షేర్లు అమ్మితే నిమిషం లోపే 15 లక్షల డాలర్లు వచ్చేశాయి. ఆ చిన్న ఇన్వెస్టర్ల తరఫున బోర్డ్ మీటింగ్‌లో కూర్చోడానికి ఒక ప్రతినిధిని ఎన్నుకునే ఏర్పాటు చేశారు. షేర్ అంటే రిస్క్ కూడా, అది పెట్టేవాళ్లకి తెలియాలి. అయినా ముల్కనూరు పద్ధతికి ఫోన్ ప్రపంచంలో ఇంత దగ్గరగా వచ్చినవాళ్లు తక్కువ.

2024లో ఫోన్ 2ఏ ప్లస్ కమ్యూనిటీ ఎడిషన్ కూడా అంతే. బాడీ డిజైన్, వాల్‌పేపర్లు, ప్యాకింగ్, ప్రచారం.. నాలుగూ యూజర్ల ఐడియాలే, గెలిచినవాళ్ల పేర్లతో సహా ప్రకటించారు. చీకట్లో వెలిగే ఆ ఫోన్లు చేసింది వెయ్యి మాత్రమే అనుకోండి.

అదే కంపెనీకి 2025 ఆగస్టులో తలనొప్పి వచ్చింది. షాపుల్లో పెట్టిన ఫోన్ 3 డెమో యూనిట్లలో "మా కమ్యూనిటీ తీసిన ఫొటోలు" అని చూపించినవి నిజానికి లైసెన్స్‌కి కొన్న స్టాక్ ఫొటోలని బయటపడింది. లాంచ్‌కి ముందు తాత్కాలికంగా పెట్టినవి మార్చడం మర్చిపోయామని కంపెనీ వివరణ ఇచ్చింది. పొరపాటే అనుకుందాం. కానీ కోపం ఎందుకంత వచ్చిందో చూడండి. స్టాక్ ఫొటో వాడినందుకు కాదు, ఆ పక్కన కమ్యూనిటీ అనే మాట రాసినందుకు. ఆ మాటకి జనం దగ్గర అంత విలువ ఉంది. అందుకే దాన్ని ఊరికే వాడకూడదు.

"అందరి మాటా వింటే ఫోన్ తయారవుతుందా?"

ఈ ప్రశ్న న్యాయమైనదే. చిన్న ఫోన్ కావాలని మనలాంటివాళ్లు ఎన్నేళ్లు గోల చేశాం! యాపిల్ 2020లో 12 మినీ, 2021లో 13 మినీ తెచ్చింది. అక్కడితో ఆపేసింది. గోల చేసిన అందరూ కొనలేదన్నమాట. ఎక్కువ మాట్లాడేవాళ్లు ఎక్కువ కొంటారని లేదు. హెడ్‌ఫోన్ జాక్ అడిగేది మనం, పది వేల రూపాయల్లో పెద్ద బ్యాటరీ అడిగేది మన అమ్మానాన్నలు. కంపెనీ బతకాలంటే వాళ్లని చూడాలి.

ఒప్పుకుంటా. వినడం వేరు, చెప్పినట్టల్లా చేయడం వేరు. పాలకేంద్రం కూడా అడిగినంత రేటు ఇవ్వదు. కొలిచినదాన్ని మాత్రం దాచదు. ఇంకో మాట, ఎవరి గొంతు కమ్యూనిటీలో వినపడుతోంది అనేది కూడా కంపెనీయే చూసుకోవాలి. ఇంగ్లిష్‌లో పొడుగ్గా రాయగలిగిన మనం కనిపిస్తాం. రోజుకి పన్నెండు గంటలు ఫోన్ వాడే డ్రైవర్ అన్న కనిపించడు. నష్టం ఆయనకొక్కడికే కాదు, కంపెనీకి కూడా. మే నెల డాష్‌బోర్డ్ మీద ఏ ఫోన్ నిలబడుతుందో తెలుసుకోవడానికి కంపెనీ ల్యాబ్‌లో హీట్ ఛాంబర్ కడుతుంది. ఆ ఛాంబర్ శంషాబాద్‌లో రోజూ ఊరికే నడుస్తోంది.

నా సొంత అనుభవం కూడా చెప్పాలి. పేరెందుకుగానీ, ఒక కంపెనీ బీటా ప్రోగ్రామ్‌లో ఏడాదిపాటు ఉన్నా. కాల్ మధ్యలో మైక్ కట్ అయ్యే బగ్ పట్టుకోడానికి మూడు రాత్రులు లాగ్‌లు తీసి పంపించా. రెండు నెలల తర్వాత వచ్చిన అప్‌డేట్‌లో ఒకే లైన్: "తెలిసిన కొన్ని సమస్యలు పరిష్కరించాం." ఆ కొన్నిట్లో నాది ఉందో లేదో తెలీదు. అడిగితే జవాబు లేదు. తర్వాత ఫ్యాన్ మీట్‌కి పిలిచి టీషర్ట్ ఇచ్చారు. టీషర్ట్ బాగుంది, ఇప్పటికీ బండి తుడవడానికి వాడుతున్నా. మళ్లీ లాగ్ పంపలేదు. కోపం వచ్చి కాదు, పంపి లాభం ఏంటో తెలియక. కంపెనీ పోగొట్టుకున్నది అదే. ఒక ఊరికే దొరికిన టెస్టర్‌ని, ఫోన్ కొనేటప్పుడు సలహా అడిగే అతని పదిమంది చుట్టాల్ని.

వినకపోతే వాళ్లే కట్టుకుంటారు

మళ్లీ ఎయిర్‌పోర్ట్ దగ్గరికే వస్తా. ఆ డ్రైవర్లు ఫోన్లకి కస్టమర్లయితే, క్యాబ్ యాప్‌లకి ఒక రకంగా కస్టమర్లు, ఒక రకంగా పనివాళ్లు. కమీషన్ కట్టేది వాళ్లే, రేటింగ్ పడేది వాళ్లకే. రేటు ఎలా లెక్క కట్టారో యాప్ చెప్పదు. ఫిర్యాదు చేస్తే రెడీమేడ్ మెసేజ్ వస్తుంది.

2024 ఏప్రిల్‌లో తెలంగాణ గిగ్ అండ్ ప్లాట్‌ఫామ్ వర్కర్స్ యూనియన్ హైదరాబాద్‌లో నో ఏసీ క్యాంపెయిన్ మొదలుపెట్టింది. ఇచ్చే రేటుకి ఏసీ వేస్తే ఇంధనం ఖర్చు కూడా గిట్టదని లెక్క వేసి చూపించారు. 2025 మార్చిలో ఇంకో మెట్టు ఎక్కి, తక్కువ రేట్లకి నిరసనగా ఎయిర్‌పోర్ట్ ట్రిప్పులే బహిష్కరించాలని పిలుపునిచ్చారు. ప్యాసింజర్‌గా నాకు ఇబ్బందే. కానీ ఆలోచించండి. యాప్ కట్టాల్సిన కమ్యూనిటీని యాప్ కట్టలేదు కాబట్టి డ్రైవర్లు తామే కట్టుకున్నారు. అందులో చీటీ ఉంది: కిలోమీటర్‌కి ఇంత వస్తోంది, ఇంత పోతోంది అని. కాకపోతే ఇప్పుడు ఆ లెక్క కంపెనీతో కలిసి రాసింది కాదు, కంపెనీకి ఎదురుగా రాసింది. ఏ బిజినెస్ అయినా దీన్ని గుర్తుపెట్టుకోవాలి. జనం ఎలాగూ మాట్లాడుకుంటారు. మీరు ఆ మాటల్లో ఉంటారా, బయట ఉంటారా అన్నదే మీ చేతిలో ఉంది.

మా శంషాబాద్ చుట్టుపక్కల ఇప్పుడు ఎలక్ట్రానిక్స్ వాసన బాగానే వస్తోంది. అవుటర్ మీద కాసేపు వెళ్తే రావిర్యాల ఫ్యాబ్ సిటీ, ఇంకాస్త ముందుకి కొంగరకలాన్‌లో ఫాక్స్‌కాన్. తయారీ మా గుమ్మం దాకా వచ్చింది. వాడేవాళ్లు మొదటినుంచీ ఇక్కడే ఉన్నారు. ఈ రెంటినీ కలిపే మాటే ఇంకా లేదు.

మనం ఏం అడగాలి?

చిన్న షాపు నుంచి పెద్ద బ్రాండ్ దాకా ఎవరికైనా నేను అడిగేవి మూడే.

ఒకటి, చెప్పినదానికి జవాబు. అవును అయినా, కాదు అయినా. కాదు అంటే కారణం. "తెలిసిన కొన్ని సమస్యలు" అనే లైన్‌ని మ్యూజియంలో పెట్టేయండి.

రెండు, ఇచ్చినదానికి విలువ. అందరికీ డబ్బే అక్కర్లేదు. బగ్ పట్టినవాడికి పేరు, పాత కస్టమర్‌కి సర్వీస్‌లో ముందు వరుస, స్పేర్ పార్ట్‌కి ముందే చెప్పిన రేటు. బస్టాండ్ పక్కన మొబైల్ షాపు నడిపే అన్న కూడా ఇది చేయొచ్చు. ఏ మోడల్ ఎన్నిసార్లు రిపేర్‌కి వచ్చిందో ఒక పుస్తకంలో రాసి, కొనడానికి వచ్చినవాళ్లకి ఆ పుస్తకం చూపిస్తే చాలు. ఒక అమ్మకం పోవచ్చు. ఆ ఇంట్లో తర్వాతి నాలుగు ఫోన్లు అక్కడే కొంటారు.

మూడు, పెద్ద నిర్ణయానికి ముందు ఒక మాట. యాడ్స్ పెట్టేటప్పుడు, సాఫ్ట్‌వేర్ మార్చేటప్పుడు, అప్‌డేట్లు ఆపేటప్పుడు. వాల్‌పేపర్‌కి ఓటు అడిగి వీటికి అడగకపోతే అది కమ్యూనిటీ కాదు, కాలక్షేపం.

ఈ మూడూ లేని చోట మీ రాత్రుల్ని ఇవ్వకండి. మీ టైమ్‌కి, మీ డేటాకి, మీ చుట్టాల్లో మీ మాటకి ఉన్న విలువ మీరనుకునేదానికంటే ఎక్కువ. కంపెనీలకి ఆ సంగతి బాగా తెలుసు.

ఇక వేలు కంపెనీల వైపే చూపిస్తే ఎలా? రివ్యూ రాసే మేం కూడా మీ అనుభవాలు విని, వాటిని మా వాక్యాలుగా రాసుకున్నవాళ్లమే. మేమూ ఎవరికీ చీటీ ఇవ్వలేదు. అందుకే ఒక మాట ఇస్తున్నా. ఇకమీదట నా రివ్యూల్లో ఎండాకాలం హీటింగ్ గురించి రాయాలంటే, ఆ ఫోన్‌ని కనీసం ఒక వారం డాష్‌బోర్డ్ మీద వాడిన డ్రైవర్‌ని అడిగే రాస్తా. ఆ మాట ఎవరిదో, ఆయన ఒప్పుకుంటే పేరుతో చెబుతా. ఆయన టైమ్‌కి డబ్బు ఇస్తా.

ఆ రోజు దిగేటప్పుడు డ్రైవర్ అన్నకి ఇదే చెప్పాను, మీరు చెప్పింది రివ్యూలో రాస్తానని. ఆయన స్టాండ్‌లోంచి ఫోన్ తీసి, వెనక చెయ్యి పెట్టి వేడి చూసి, "రాయి తమ్మీ. రాసినంక మా గ్రూపుల గూడ పెట్టు. తప్పుంటే మావోళ్లే జెప్తరు" అన్నాడు.